తోడికోడలి ఫోన్‌లో నా తేదీలు

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట ఒకావిడ. ఈ సామెత పుట్టించిన మనిషి మా ఇంటిని చూసే పుట్టించి ఉంటుంది. మా అత్త పాతికేళ్ళుగా నన్ను తిడుతూనే ఉంది, నాకు చీమ కుట్టినట్టయినా ఉండదు. మా తోడికోడలు ఒక్కనాడూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. కానీ ఆమె ఫోను చూసి నేను రెండేళ్ళు ఏడ్చాను. మర్యాదగా రాయాలంటే అసూయ అని రాయొచ్చు. మా వైపు దాన్ని కడుపుమంట అంటారు, నాకు అదే సరైన మాట అనిపిస్తుంది.

మాది ఇందుకూరుపేట మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. ఒకప్పుడు మా మామ వరి పండించిన నేలలో ఇప్పుడు రెండు రొయ్యల గుంటలున్నాయి. మా ఆయనా, మా మరిదీ గుంటల దగ్గర కాపలా కాసి తెల్లారేసరికి ఇంటికొచ్చి పడుకుంటారు. పొద్దున చెక్ ట్రేలు ఎత్తే పని నాది. చెక్ ట్రే అంటే వల బిగించిన పళ్ళెం. అందులో కాస్త మేత వేసి తాడుతో గుంటలోకి దించుతాం. కాసేపాగి పైకి లాగితే రొయ్యలు తిన్నాయో లేదో, ఆరోగ్యంగా ఉన్నాయో లేదో తెలిసిపోతుంది. రొయ్యను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే వీపు పొడవునా మేత గీత నల్లగా కనిపించాలి. ఆ గీత తెగితే ఏదో తేడా ఉన్నట్టే.

ఒక ఏడు ఆ గీత తెగడం అందరికంటే ముందు నాకే కనిపించింది. మా ఆయన నవ్వాడు. నేను పట్టుబట్టి పోరాడి వారం ముందే పట్టుబడి చేయించాను, అంటే వల వేసి రొయ్యలన్నీ పట్టించి అమ్మించేశాను. ఆ తర్వాత నాలుగు రోజులకు పక్కవాళ్ళ గుంటల్లో రొయ్యలు తేలిపోయాయి. అప్పటి నుంచి "పెద్ద కోడలు ట్రే చూసిందా?" అని అడగకుండా మా ఇంట్లో మేత బస్తా విప్పరు. ఇంట్లో నాకున్న గొప్పంతా అదే. పొద్దున్నే చెప్పులు విడిచి గట్టెక్కితే ఆ గంటసేపు నేను ఎవరి కోడలినీ కాదు.

నెలలో మూడు రోజులు మాత్రం గట్టు ఎక్కకూడదు. బయట చేరిన ఆడది గట్టెక్కితే గుంటకు తెల్లమచ్చ తెగులు వస్తుందని మా అత్త నమ్మకం. ఆమె ఒక్కదానిదే కాదు, ఊరందరిదీ. వరి పండినప్పుడు ఇంత పట్టింపు లేదు. వరికి తెగులొస్తే కొట్టడానికి మందుంది, రొయ్యకు వస్తే ఏమీ లేదు, అందుకని భయాన్నే మందుగా వాడుతున్నారు. నువ్వు నమ్ముతావా అని అడిగితే నమ్మనంటాను. మరి ఎక్కుతావా అంటే ఎక్కను. ఆ మూడు రోజులు వెనక వసారాలో వేరే చాప, వేరే పళ్ళెం.

నాలుగేళ్ళ క్రితం తోడికోడలు వచ్చింది. డిగ్రీ చదివిన పిల్ల, నాకంటే పదహారేళ్ళు చిన్న. వచ్చిన రెండో ఏడు ఆమెకు రెండు నెలలు ఆలస్యమైంది. ఇంకేముంది, మా అత్త కజ్జికాయలు చేయించి వీధి వీధంతా పంచింది. మూడో నెలలో ఆ పిల్ల తల వంచుకుని వెనక వసారాలోకి పోయి కూర్చుంది. మా అత్త వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. పంచిన కజ్జికాయలు వెనక్కి అడగలేదు గానీ, అడిగినంత పని చేసింది.

అది జరిగిన కొన్నాళ్ళకే ఆమె ఫోనులో ముట్టు తేదీలు లెక్కపెట్టే యాప్ ఒకటి వేసుకుంది. వచ్చిన తేదీ నొక్కితే మళ్ళీ ఎప్పుడొస్తుందో అది ముందే చెబుతుంది. తెర మీద గులాబీ రంగు చక్రం, అందులో ఎర్ర చుక్కలు. చింతకాయలు దంచుతున్న మా అత్తకు దాన్ని చూపించింది.

"ఏందమ్మే, ఇట్టాంటివి కూడా ఫోనుకు చెప్పుకుంటారా? సిగ్గులా?" అంది మా అత్త.

"ముందే తెలిసిపోద్దత్తా. పట్టుబడి యే రోజు పెట్టుకోవాల్నో, గంగమ్మకు టెంకాయ ఎవరు కొట్టాల్నో చూసుకోవచ్చు గదా."

టెంకాయ మాట వినగానే మా అత్త రోకలి ఆపింది. మా గుంట మూలన పసుపు రాసిన రాయి ఒకటుంది, అదే మా గంగమ్మ. పట్టుబడి రోజు వల దించేముందు ఇంటి కోడలు అక్కడ టెంకాయ కొట్టాలి. ఏళ్ళ తరబడి ఆ పని నాదే. ఐసు బండీ, కొనేవాళ్ళూ, వల లాగే మనుషులూ అందరూ సిద్ధమయ్యాక సరిగ్గా ఆ పొద్దునే కోడలు బయట చేరితే మా అత్తకు ప్రాణం పోయినంత పనవుతుంది.

మొదటి నెల ఫోను చెప్పిన రోజే చిన్నదానికి వచ్చింది. రెండో నెలా అంతే. మూడో నెలకు మా అత్త భక్తురాలైపోయింది. "పంచాంగమన్నా తప్పిద్దేమో గానీ మా చిన్నదాని ఫోను తప్పదు. ఒళ్ళంటే అట్టా ఉండాల, గడియారం మాదిరి," అని పాలు పోసే ఆమెకు, చేపలమ్మే ఆమెకు, అడిగినవాళ్ళకు, అడగనివాళ్ళకు చెప్పింది. నోములు, పెళ్ళి ప్రయాణాలు, పట్టుబడులు అన్నీ ఆ ఫోనును అడిగి పెట్టడం మొదలైంది.

నా తేదీలు కూడా అందులో ఎక్కించమని మా అత్త హుకుం జారీ చేసింది. ఇద్దరి లెక్కా పెట్టుకునే వీలుందట. ఎక్కించింది. అక్కడ మొదలైంది నా ఏడుపు. నాకు నలభై నాలుగు నిండుతున్నాయి. ఒకసారి ఇరవై రోజులకే వచ్చేది, ఒకసారి యాభై రోజులకు. ఫోను చెప్పిన రోజు వచ్చేది, పోయేది, నాకేమీ ఉండేది కాదు. నా చక్రం కింద "ఆలస్యం" అని పడేది. పక్క పేజీలో ఆమెది చూస్తే ఎర్ర చుక్కలు వరస తప్పకుండా, ముగ్గు పెట్టినట్టు ఉండేవి.

ఒకరోజు పాలామె ముందే మా అత్త అనేసింది. "పెద్దదానికింక ఉడిగిపోయే కాలమొచ్చినట్టుందిలే."

ఇక్కడ నన్ను నేనే తిట్టుకోవాలి. ఉడిగిపోతే నాకేం నష్టం? నెలంతా గుంట నాదే అవుతుంది, వెనక వసారా పీడ వదులుతుంది. పిల్లలిద్దరూ పెద్దవాళ్ళై హాస్టళ్ళలో ఉన్నారు. ఎగిరి గంతెయ్యాల్సిన మాట అది. కానీ ఆ క్షణం నా కళ్ళు పోయి తోడికోడలి మీద పడ్డాయి. ఆమె గుమ్మంలో కూర్చుని జడ అల్లుకుంటోంది, మోకాలి మీద ఫోను. నేను ముసలిదాన్నీ, ఆమె గడియారమూ! ఒళ్ళు భగ్గుమంది.

ఆ నెల ఫోను నా తేదీ ఎప్పుడని చెప్పిందో ఆ రోజు పొద్దున నేనే వెళ్ళి, "నేను బయట," అని ప్రకటించాను. నిజానికి ఏమీ లేదు. తోడికోడలు నా వంక ఒకసారి చూసి ఫోనులో నొక్కింది. నా చక్రంలో కూడా ఎర్ర చుక్క సరైన చోట పడింది. మా అత్త, "పర్లేదే, నీది గూడా దారికొచ్చింది," అంది. పాడు సంతోషం, ఎంత హాయిగా అనిపించిందో!

ఆ హాయి చాప మీద కూర్చునేదాకానే. నేను బయటంటే గట్టెక్కేది ఎవరు? ఆమె. నా ట్రే తాడు పట్టుకునేది ఎవరు? ఆమె. వసారాలో కూర్చుని, చేతులూ కాళ్ళూ శుభ్రంగా ఉండి, ఆమె చెప్పులు విడిచి గట్టు మీదికి నడుస్తుంటే చూస్తూ ఉండాలి. దొంగకు తేలు కుట్టినట్టు కిక్కురుమనకుండా ఉండాలి. నెలనెలా అదే తంతు. దొంగ ముట్టుకు మూడు రోజులు వసారాలో. అసలుది ఎప్పుడో చెప్పాపెట్టకుండా వస్తే ఎవరికీ తెలియకుండా గట్టు మీద. మొదటిసారి అలా గట్టెక్కిన రోజు గంగమ్మ రాయి వైపు తలెత్తలేదు. తర్వాత భయం కొంచెం తగ్గింది గానీ, గుంటలో ఒక్క రొయ్య చచ్చి తేలినా అది నా వల్లేననుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం మా ఆయన అన్నం తింటూ అన్నాడు. "ఆ పిల్ల కూడా ట్రే బాగానే చూస్తంది. మొన్న మేత తగ్గించమనింది, తగ్గిస్తే సరిపోయింది."

నేను ఆయన విస్తట్లో పులుసు పోసి లేచిపోయాను. మజ్జిగ పొయ్యలేదు. అడిగితే పులిసిపోయిందన్నాను.

ఈ రెండేళ్ళలో ఆమె చేసిన తప్పు ఒక్కటే. ఆమె ఒళ్ళు ఆమె మాట వింటోంది, నాది వినడం లేదు. దానికే ఆమె నవ్వితే ఏడ్చాను, ఆమె చీర కట్టుకుంటే ఏడ్చాను, ఫోను మోగితే ఏడ్చాను.

పోయిన ఏడు వేసవి పంట పట్టుబడి. మా అత్త ఫోను అడిగించి తేదీ పెట్టింది. ఆ తేదీకి చిన్నది బయట, నేను లోపల. టెంకాయ నాది. తల స్నానం చేసి, పసుపు చీర కట్టుకుని, పళ్ళెం పట్టుకుని గట్టు మీద నిలబడ్డాను. వల లాగేవాళ్ళు గుంట చుట్టూ చేరారు. ఐసు బండి కోసం చూస్తున్నాం. వెనక్కి చూస్తే మా ఇంటి వసారా కనిపిస్తోంది, చాప మీద తోడికోడలు. కూర్చో తల్లీ, ఇవాళ నువ్వు కూర్చో, అనుకున్నాను లోపల.

అప్పుడే తెలిసింది నాకు. ఎండాకాలం చెమట కాదది. యాభై రోజులు రాకుండా ఉండి, సరిగ్గా ఆ పొద్దున, గంగమ్మ రాయికి బారెడు దూరంలో వచ్చింది.

"అగ్గిపెట్టె మర్చిపోయినా అత్తా," అని పళ్ళెం ఆమె చేతిలో పెట్టి ఇంటికి పరిగెత్తాను. నా అలమరలో ప్యాడ్లు అయిపోయాయి. దొంగవాటికి అవసరం లేదు గదా, కొత్తవి తెప్పించుకోవడం మర్చిపోయాను. ఇల్లంతా ఖాళీ. తోడికోడలి గదిలోకి దూరి బీరువా తెరిచాను. చీరల కింది అరలో చెయ్యి పెట్టాను.

పొట్లాలు. మందుల షాపులో న్యూస్‌పేపరు చుట్టి, దారం కట్టి ఇస్తారే, ఆ పొట్లాలు. ఒకదాని మీద ఒకటి అర నిండా ఉన్నాయి. మా మరిది నెలనెలా నెల్లూరు నుంచి తెచ్చేవి. ఏ ఒక్కదానికీ దారం విప్పలేదు. అడుగున ఉన్నవాటి కాగితం పసుపురంగుకు తిరిగింది.

"అక్కా, ఆ అర తియ్యబాకు!"

గుమ్మం బయట నిలబడి ఉంది ఆమె. బయట చేరింది కాబట్టి గుమ్మం దాటి లోపలికి రాకూడదు. వచ్చి నా చేతిలోంచి లాక్కోనూ లేదు, వెనక్కి పోనూ లేదు. రెండు చేతులూ తలుపు చట్రానికి పెట్టి నిలబడింది.

నాకు అర్థమయ్యేసరికి కాసేపు పట్టింది. ఈ పిల్లకు రావడం లేదు. నెలల తరబడి రావడం లేదు. ముగ్గు పెట్టినట్టున్న ఆ చుక్కలన్నీ ఉత్తవి.

నిజం రాస్తానని కూర్చున్నాను కాబట్టి రాస్తున్నాను. నాకు మొదట వచ్చింది జాలి కాదు. పండగ! దొరికింది దొంగ. ఇదా నీ గడియారం? సరిగ్గా అప్పుడే గట్టు మీంచి మా అత్త కేక వినిపించింది. "పెద్దదా! యాడ చచ్చినావే? ఐసు బండి వచ్చేసింది!" ఒక్క మాట చాలు. ఈ పొట్లాలు నాలుగు తీసుకెళ్ళి ఆమె ముందు పడేస్తే చాలు. ఆ సాయంత్రానికి ఈ పిల్ల పుట్టింట్లో ఉంటుంది. కజ్జికాయలకే వారం మాట్లాడని మనిషి, దీనికి జన్మలో మాట్లాడదు. మరిదికి ఇంకో సంబంధం అనే మాట కూడా వస్తుంది, నాకు మా అత్త తెలుసు. నా ట్రే తాడు నా చేతికొస్తుంది.

మాట నాలుక చివరికి వచ్చింది. ఆమె ముఖం చూద్దామని, అది వాడిపోవడం కళ్ళారా చూద్దామని తలెత్తాను.

ఆమె నా ముఖం చూడడం లేదు. నా చీర వంక చూస్తోంది. పసుపు చీర కుచ్చిళ్ళ మీద అర్ధరూపాయంత ఎర్ర మరక.

"నీకు నిజంగా వచ్చిందా అక్కా?" అంది.

ఆ చూపు నాకు తెలుసు. రెండేళ్ళుగా నేను ఆమె ఫోనును చూసిన చూపు అదే. నా మరక మీద కళ్ళు పెట్టి ఈ పిల్ల ఏడుస్తోంది, కళ్ళలో నీళ్ళు లేకుండా.

చేతిలో పొట్లం దారం తెంచాను. "అటు తిరుగు," అన్నాను. ఆమె గుమ్మానికి వీపు పెట్టి నిలబడింది, ఎవరూ రాకుండా కాపలా అన్నట్టు. చీర మార్చుకున్నాను.

"నువ్వు పో అక్కా, టెంకాయ కొట్టు," అంది వెనక్కి తిరక్కుండానే. "ఇద్దరం బయటంటే ఫోను ఎట్టా తప్పిందని అత్త అడుగుద్ది."

ఇంటి నియమం ప్రకారం గట్టెక్కాల్సింది ఆమె, వసారాలో కూర్చోవాల్సింది నేను. ఆమె వసారాలో కూర్చుంది, నేను గట్టెక్కాను. చీరెందుకు మార్చినావని మా అత్త అడిగింది, నూనె ఒలికిందన్నాను. మొదటి దెబ్బకు టెంకాయ పగల్లేదు. మా అత్త గుడ్లురిమింది. రెండో దెబ్బకు పగిలింది. వల లాగితే రొయ్యలు గట్టి పెంకుతో, చిటపటలాడుతూ వచ్చాయి. గంగమ్మ కిమ్మనలేదు.

సాయంత్రం అన్నం పళ్ళెం ఇచ్చే నెపంతో వసారాలో ఆమె పక్కన కూర్చున్నాను. నాలుగైదు నెలలకోసారి వస్తుందట, అదీ కాస్తే. ఆలస్యమైన ప్రతిసారీ అత్త ఆశపడడం, తర్వాత ఆమె ముఖం చూడాల్సి రావడం భరించలేక ఫోను చెప్పిన తేదీకి తనే బయట చేరడం మొదలుపెట్టిందట. మొగుడికి కూడా చెప్పలేదు.

"పొట్లాలు పారెయ్యొచ్చు గదే," అన్నాను.

"మనసొప్పలా అక్కా. రేపన్నా వస్తదేమో, అవసరం పడతాయి గదా అని."

ఆమె అన్నం కలుపుతూ అంది. "నీది గూడా అబద్ధమేనని నాకు తెలుసులే. నిజంగా వచ్చేవాళ్ళకు అంత సరిగ్గా యాడ వస్తది?"

"తెలిసీ నొక్కినావా?"

"నువ్వెందుకు చెప్తన్నావో తెలీలా. నాకేమో చెప్పే నోరు లేదు."

రెండేళ్ళు! ఒకరి అబద్ధం చూసి ఒకరం మూడేసి రోజులు ఉత్తపుణ్యానికి ఆ చాప మీద కూర్చున్నాం.

వారం గడిచాక ఒక పొద్దున పాలామె ఉండగానే మా అత్త దగ్గరికి వెళ్ళాను. ఆ పిల్లను డాక్టరుకు చూపించడానికి వేరే దారి ఏదైనా ఉందేమోనని వారమంతా వెతికాను, దొరకలేదు. "అత్తా, నువ్వన్నదే నిజం. నాకు ఉడిగిపోతన్నట్టే ఉంది, ఒకటే నీరసం. నెల్లూరులో డాక్టరమ్మకు చూపించుకోవాల. చిన్నదాన్ని తోడు తీసకపోతా," అన్నాను.

"నేను చెప్పలా! చెప్పినానా లేదా?" అని మా అత్త పాలామె వైపు తిరిగి చెయ్యి ఊపింది. ఆ మధ్యాహ్నానికి వీధంతా తెలిసిపోయింది. కజ్జికాయలు ఒక్కటే తక్కువ.

మైపాడు నుంచి వచ్చే బస్సెక్కి ఇద్దరం నెల్లూరు వెళ్ళాం. డాక్టరమ్మ తేదీలు అడిగితే ఈ పిల్ల అలవాటుగా ఫోను తీసింది. తీసి, ఒడిలో బోర్లా పెట్టి, "తెలీదు మేడం," అంది. స్కానింగులో అండాశయాల్లో నీటి బుడగలున్నాయని తేలింది. భయపడాల్సింది లేదు, చాలామందికి ఉండేదే, మందులు వాడుతూ నడక పెంచమన్నారు. పిల్లల సంగతి నిదానంగా చూద్దామన్నారు. మా మరిదికి చెప్పమని తిరిగొచ్చే బస్సులోనే ఒప్పించాను. ఫోనులో చుక్కలన్నీ బస్సు దిగేలోగా ఆమె చెరిపేసింది, ఆమెవీ, నావీ. ఫోను ఏమంటోందని మా అత్త అడిగితే, పాడైపోయిందంది. నెలకు రెండు మూడు సార్లు అలా వెళ్ళి వచ్చాం, ప్రతిసారీ నా పేరు మీద. నడక కోసమని పొద్దున్నే నాతో గట్టు మీదికి తీసుకెళ్ళేదాన్ని. ట్రే తాడు ఇచ్చేదాన్నా అంటే, ఒకటి ఇచ్చేదాన్ని. మూడు నేనే పట్టుకునేదాన్ని.

మొన్నొక పొద్దున ఆమె నాతో రాలేదు. నేను మొదటి గుంట ట్రేలు చూసి మేత డబ్బా కోసం ఇంటికొచ్చాను. పెరట్లో బట్టలుతికే బండ దగ్గర నిలబడి ఉంది, లోపలికి రాకుండా.

"అక్కా! వచ్చింది," అంది. నవ్వుతోంది, పళ్ళన్నీ కనపడేలా.

"ఏందే ఆ నవ్వు? బయట చేరి నవ్వేదాన్ని నిన్నే చూస్తన్నా," అని లోపల్నుంచి మా అత్త కసిరింది.

నాకప్పటికి ఏడు నెలలైంది రాక. ఆ పట్టుబడి పొద్దున తర్వాత ఒక్కసారి కనిపించి, ఆగిపోయింది. సంతోషించానా? సంతోషించాను. దానికంటే ముందు కడుపులో భగ్గుమంది, పాత మంటే, పాత చోటే. దాచడం ఎందుకు?

"ఫోను ఇటియ్యి, నేను నొక్కుతా," అన్నాను.

గుంట నీళ్ళ చెయ్యి కొంగుకు తుడుచుకుని, ఆమె చూపించిన చోట నొక్కాను. ఖాళీ చక్రంలో ఒక్క ఎర్ర చుక్క పడింది. వేలు జరిగి పక్క పేజీ వచ్చింది. అది నాది, అందులో ఏమీ లేదు.

"ఇది తీసెయ్," అన్నాను.

"ఎందుకక్కా, ఉండనీ."

"తీసెయ్ మే. ఇంక నెలంతా గుంట నాదే," అని మేత డబ్బా తీసుకున్నాను. రెండో గుంట ట్రేలు ఇంకా ఎత్తలేదు.